ట్రాలీ బ్రేక్ లైటునే ఇండికేటర్‌గా మార్చే కన్వర్టర్ పెట్టె: బిగించి చూసిన తర్వాత

నెల్లూరు జిల్లాలో మిల్లులకు ధాన్యం తోలే ట్రాక్టర్ ట్రాలీలను గమనిస్తే, వెనుక డాలాకు రెండు పక్కలా ఒక్కొక్క ఎర్ర దీపం తప్ప ఇండికేటర్ అనేదే లేనివి ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. కోతల రోజుల్లో బుచ్చిరెడ్డిపాళెం మీదుగా నెల్లూరు వచ్చే 67వ నంబరు జాతీయ రహదారిపై, చీకటి పడ్డాక అటువంటి ట్రాలీ ఉన్నట్టుండి మిల్లు గేటు వైపు తిరిగితే, వెనుక వచ్చే మోటారు సైకిలు మనిషికి ఆ సంగతి ముందుగా తెలిసే దారి లేదు. కొత్త దీపాలు బిగించనక్కరలేకుండా, ఉన్న బ్రేక్ లైటే మలుపు వైపు ఆరి వెలిగేలా చేస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కన్వర్టర్ పెట్టెను తెప్పించి మా ట్రాలీకి బిగించి చూశాము. పెట్టె మీద తయారీదారు పేరేమీ లేదు. లోపల ఇచ్చిన కాగితంలో తీగల రంగులు మాత్రమే ఉన్నాయి.

ఈ వస్తువు పుట్టింది అమెరికా అవసరం కోసం. అక్కడి చట్టం వెనుక ఇండికేటర్ ఎరుపు రంగులో ఉండటాన్ని కూడా అనుమతిస్తుంది కాబట్టి, బ్రేకుకూ మలుపుకూ ఒకే బల్బును వాడే కార్లు, ట్రైలర్లు అక్కడ చాలాకాలంగా ఉన్నాయి. చిన్న ట్రైలర్‌కు నాలుగే తీగలు వెళతాయి: తెలుపు ఎర్త్, గోధుమరంగు పార్కింగ్ లైటు, పసుపు ఎడమ వైపు బ్రేకు మరియు ఇండికేటర్, ఆకుపచ్చ కుడి వైపువి. లాగే వాహనంలో బ్రేకూ ఇండికేటరూ వేర్వేరు తీగలపై ఉంటే, ఆ రెంటినీ కలిపి ఈ నాలుగు తీగల్లోకి దించడమే పెట్టె పని.

ఇంత చిన్న పనికి పెట్టె ఎందుకు, రెండు తీగలనూ మెలేసి టేపు చుడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మెలేసి చుట్టిన ట్రాలీలు కూడా మన ఊళ్ళలో ఉన్నాయి. అలా కలిపినప్పుడు బ్రేకు తొక్కగానే ఆ కరెంటు ఇండికేటర్ తీగలోకి వెనక్కి పారి, ట్రాక్టర్ ముందు ఇండికేటర్లను కూడా వెలిగిస్తుంది. ఒక్కొక్క తీగకు, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ ఒకటి పెడితే ఈ వెనక్కి పారడం ఆగుతుంది కానీ, అసలు సమస్య అలాగే ఉంటుంది. బ్రేకు నుంచి వచ్చే కరెంటు ఎడతెగకుండా వస్తుంది, ఇండికేటర్‌ను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ నుంచి వచ్చేది ఆగి ఆగి వస్తుంది. రెండూ ఒకే ఫిలమెంటుకు చేరితే బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, మిణుకు కనిపించదు. మలుపు తిరగబోయే ప్రతి బండీ ముందు బ్రేకు వేస్తుంది కాబట్టి, ఇండికేటర్ ఏ క్షణంలో అవసరమో సరిగ్గా ఆ క్షణంలోనే అది పనికిరాకుండా పోతుంది. ఐదు పిన్నుల రిలే, అంటే కరెంటు అందితే ఒక వైపుకూ ఆగితే రెండో వైపుకూ పడే స్విచ్ ఒకటి పెట్టి, దాన్ని కదిలించే కాయిల్‌ను ఫ్లాషర్ తీగతో నడిపినా ఇదే ఫలితం; ఫ్లాషర్ ఆగిన అరక్షణంలో రిలే బ్రేకు వైపు పడి బల్బును మళ్ళీ వెలిగిస్తుంది. ఇండికేటర్ నడుస్తున్నంతసేపూ ఆ పక్క బల్బుకు బ్రేకు కరెంటును పూర్తిగా తెంచి ఉంచాలి, రెండో పక్క మాత్రం బ్రేకు వెలుగుతూనే ఉండాలి. పాత అమెరికన్ కార్లలో స్టీరింగ్ దగ్గరి ఇండికేటర్ స్విచ్ ఈ తెంచే పని చేసేది. మేము కొన్న పెట్టె దాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేస్తుంది, తప్పు లేకుండా చేస్తుంది. ఎడమ ఇండికేటర్ వేసి బ్రేకు తొక్కితే ఎడమ దీపం మిణుకుతూ, కుడి దీపం నిలకడగా వెలిగింది. విద్యుత్తు లెక్కన చూస్తే దీనికి వంక పెట్టలేము.

బిగింపు బుచ్చిరెడ్డిపాళెంలో మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేశాడు. తీగల రంగులను నమ్మకుండా, ఒక్కొక్కదాన్నీ టెస్ట్ ల్యాంపుతో చూసి కలపడం వల్ల పని ఆలస్యమైనా మళ్ళీ విప్పాల్సిన అవసరం రాలేదు. మేము తెప్పించినది బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు ద్వారా కరెంటు తీసుకునే రకం. బ్యాటరీ తీగ లేని చవక రకాలు కూడా ఉన్నాయి. వాటిలో ట్రాలీ బల్బు భారమంతా ట్రాక్టర్ ఫ్లాషర్ మీదే పడుతుంది. 12 వోల్టుల మీద 21 వాట్ల బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, వేడెక్కడం మీద పనిచేసే పాత రకం ఫ్లాషర్లు ఆ అదనపు బరువుకు మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటాయి. కొనేవారు కనీసం ఈ తేడా చూసుకోవాలి.

లోపాలు ఉన్నాయి. ట్రాలీ దీపాల్లో ఉండేది 21/5 రకం రెండు ఫిలమెంట్ల బల్బు. రాత్రి 5 వాట్ల ఫిలమెంటు ఎప్పుడూ వెలుగుతూ ఉండగా, 21 వాట్లది ఆరి వెలిగినప్పుడు కనిపించే తేడా మీదనే వెనుకవాడు ఆధారపడాలి. దుమ్ము, ఊక పట్టిన అద్దం వెనుక ఆ తేడా బాగా తగ్గిపోతుంది. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసి రోడ్డు పక్కకు తీస్తున్నప్పుడు రెండు దీపాలూ మిణుకుతూనే ఉంటాయి, బ్రేకు వేసిన జాడే తెలియదు. బల్బులు తీసి ఎల్ఈడీ దీపాలు పెట్టి చూస్తే, అన్నీ ఆపేశాక కూడా అవి సన్నగా వెలుగుతూ ఉన్నాయి.

వీటన్నిటి కన్నా పెద్ద అభ్యంతరం రంగుది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 102వది ఇండికేటర్ వెలుతురు అంబర్, అంటే నారింజ పసుపు రంగులో ఉండాలనీ, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా మిణుకాలనీ చెబుతుంది. ఎర్ర దీపాన్ని ఎంత చక్కగా మిణికించినా ఆ నిబంధన ముందు అది ఇండికేటర్‌గా నిలవదు. ఎరుపును అనుమతించే అమెరికాలోనే, అక్కడి రహదారి భద్రతా సంస్థ 2009లో వెలువరించిన అధ్యయనం, మలుపు తిరిగే బండిని వెనుక నుంచి గుద్దే ప్రమాదాలు అంబర్ దీపాలున్న వాటికి సుమారు 5 శాతం తక్కువని తేల్చింది. మన దారుల్లో ఇంకో చిక్కు ఉంది, దాన్ని మా ఎలక్ట్రీషియన్ ఒక్క మాటలో చెప్పాడు: "ఎర్ర లైటు ఆరి ఆరి వెలిగితే వైరు లూజయిందనుకుంటారు గానీ, తిరగతా ఉండాడని ఎవరనుకుంటార్నా?" గతుకుల్లో కనెక్షన్ వదులై ఎర్ర దీపాలు వాటంతట అవే మిణికే ట్రాలీల వెనుక ఏళ్ళ తరబడి నడిచినవాళ్ళం మనం.

పైగా మన ట్రాక్టర్లకు వెనుక ఉండే ఏడు పిన్నుల సాకెట్‌లో ఎడమ ఇండికేటర్ 1వ పిన్నుకూ, కుడిది 4వ పిన్నుకూ, బ్రేకు 6వ పిన్నుకూ వేరువేరుగానే వస్తాయి. విడివిడిగా అందుతున్న వాటిని డబ్బు పెట్టి కలుపుకోవడంలో అర్థం నాకు కనిపించలేదు. నెల్లూరులో ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులో అడిగినా దొరికే రెండు అంబర్ దీపాలు, సాకెట్ నుంచి డాలా దాకా రెండు తీగలు, వాటిని రాపిడి నుంచి కాపాడే గొట్టం, అన్నీ కలిపినా ఈ పెట్టె ధర కన్నా తక్కువే అయింది. ఒకే దీపం చోటుతో వచ్చిన పాత దిగుమతి బండిని యథాతథంగా ప్రదర్శనకు ఉంచుకునేవారికి తప్ప, రోడ్డు మీద తిరిగే ట్రాలీకి దీన్ని కొనమని నేను చెప్పను. మేము విప్పి, గడువులోగా వెనక్కి పంపాము. అమ్మినవారు పేచీ లేకుండా డబ్బు తిరిగి ఇచ్చారు.

అంబర్ దీపాలు పెట్టించుకునేవారు ఎర్త్ తీగను కూడా సాకెట్‌లోని 3వ పిన్ను నుంచి విడిగా లాగించుకోవాలి. ట్రాలీని తగిలించే పిన్ను ఇనుమే గదా, దాని గుండా ఎర్త్ అందుతుందిలే అని వదిలేస్తే, గ్రీజు, తుప్పు అడ్డుపడి దీపాలు మసకగా వెలగడమే కాక, ఇండికేటర్ వేసినప్పుడల్లా పార్కింగ్ లైట్లు కూడా దానితో పాటు కొట్టుకుంటాయి.