కొండల మీద జియోక్యాషింగ్‌కి బటన్ల జీపీఎస్: కొన్నేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తున్నా. నిట్టనిలువు కొండెక్కి జియోక్యాష్ (ఎవరో దాచి, అదెక్కడుందో కోఆర్డినేట్లు ఇచ్చే డబ్బా) వెతకాలంటే ఫోన్ కన్నా చేతి జీపీఎస్సే నయం. కాకపోతే దాని తెర మీద కనిపించే బాణాన్ని చివరి వంద మీటర్లకి చేరేదాకా పట్టించుకోకూడదు. చదును నేల మీద వాడి సమీక్షలు రాసేవాళ్ళు ఈ రెండో మాట చెప్పరు.

నాది టచ్‌స్క్రీన్ లేని రకం. పక్కన బటన్లు, ముందు బొటనవేలితో కదిపే చిన్న స్టిక్, వెనక రెండు ఏఏ సెల్స్. కంపెనీ ఏదైనా ఈ రకం తీసుకోమనే అంటాను. చేతికి గ్లౌజులున్నా, వాన పడుతున్నా, ఒక చేత్తో రాయి పట్టుకుని వేలాడుతున్నా బటన్ నొక్కడం కుదురుతుంది. తడి వేలితో ఫోన్ తెర మీద మ్యాప్ జరపబోయి విసుగెత్తినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఎండలో తెర ఇంకా బాగా కనిపిస్తుంది. సెల్స్ అయిపోతే జేబులోంచి ఇంకో జత తీసి వేసుకోవడమే. చలి బాగా ఉండేచోట ఆల్కలైన్ సెల్స్ తొందరగా చేతులెత్తేస్తాయి, లిథియంవి నిలబడతాయి.

ఇక బాణం సంగతి. అది చూపేది మీకూ డబ్బాకీ మధ్య గాలిలో గీసిన గీత. మధ్యలో లోయ ఉందో, రాతి గోడ ఉందో దానికి తెలీదు. తెర మీద 120 మీటర్లే అని ఉంటుంది. కాలిబాట ఒక మెలిక తిరగ్గానే అది 180 అవుతుంది. కొత్తవాళ్ళు అక్కడే కంగారుపడి బాట వదిలేసి పొదల్లోంచి అడ్డంగా ఎక్కడం మొదలుపెడతారు. అంకె పెరిగితే పెరగనివ్వండి, బాట మీదే ఉండండి. ఒకే కొండ మీద రెండు డబ్బాలున్నప్పుడు ఈ బెడద ఇంకా ఎక్కువ. ఆట నియమం ప్రకారం వాటి మధ్య కనీసం 161 మీటర్లు ఉంటే చాలు, కానీ ఆ 161 మీటర్లలో ఒక వాగు గండి పడిందంటే సగం పూట అక్కడే అయిపోతుంది.

దీన్ని మించిన తిరకాసు ఇంకోటుంది. పరికరం చెప్పే దూరం అడ్డంగా కొలిచిందే, ఎత్తు అందులో కలవదు. డబ్బా దాచినవాళ్ళు ఇచ్చే కోఆర్డినేట్లలోనూ అక్షాంశం, రేఖాంశం మాత్రమే ఉంటాయి. కాబట్టి అంకె మూడు మీటర్లకి దిగిపోయినా, డబ్బా మీ నెత్తి మీద ముప్పై మీటర్ల పైన చరియలో ఉండొచ్చు. అక్కడ పనికొచ్చేది కాంటూర్ గీతలు, అంటే మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు. 20 మీటర్లకో గీత ఉన్న మ్యాప్‌లో వంద మీటర్ల అడ్డదూరంలో ఐదు అంతరాలు దాటాల్సి వస్తే అది 45 డిగ్రీల వాలు. అంటే చేతులు కూడా వాడాలి. నేను బయల్దేరే ముందే పైనుంచి దిగాలా, కిందనుంచి ఎక్కాలా అన్నది ఆ గీతలు చూసి తేల్చుకుంటాను. దాచినవాళ్ళు ఇచ్చిన క్లూ కూడా చదువుతాను. ముందే చదివితే ఆట మజా పోతుందనే వాళ్ళున్నారు, వాళ్ళిష్టం.

రాతి గోడ పక్కన ఇంకో చిక్కు వస్తుంది. సగం ఆకాశం మూసుకుపోయి, ఉపగ్రహాల సిగ్నల్ రాళ్ళకి తగిలి తిరిగొస్తుంది. నిలబడ్డచోటే నిలబడినా అంకె 4 నుంచి 19కి, మళ్ళీ 9కి గెంతుతుంది. అప్పుడు దాన్ని జేబులో పెట్టేసి కళ్ళతో వెతకడం మేలు: సందులో పలక రాళ్ళు మరీ పద్ధతిగా పేర్చినట్టుంటే, పైరాయి మీద నాచు ఉండాల్సిన వైపు లేకపోతే, అక్కడ చెయ్యి పెట్టొచ్చు. పెట్టే ముందు కర్రతో ఓసారి కదపండి, పాములకీ అలాంటి సందులే ఇష్టం.

అసలు ఈ ఆటే జీపీఎస్ కచ్చితత్వం పెరిగాక పుట్టింది. పౌరులు వాడే సిగ్నల్‌లో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపిన పొరపాటుని 2000 మే మొదట్లో తీసేశారు. మే 3న డేవ్ అల్మర్ ఆరెగాన్‌లో మొదటి బకెట్ దాచాడు. అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అంత తేడాతో కొండవాలు మీద వెతకడమంటే కొండంతా తవ్వినట్టే.

కొనేటప్పుడు ఎలక్ట్రానిక్ కంపాస్ ఉన్న మోడలే తీసుకోండి. అది లేనివి మీరు నడుస్తుంటేనే దిక్కు చెప్పగలవు. నిలువు వాలులో మనం నడిచేది తక్కువ, ఆగి ఆయాసపడేది ఎక్కువ. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటర్ ఉన్న మోడల్ అయితే ఇంకా మంచిది. కాకపోతే వాతావరణం మారితే అదీ తప్పు చెబుతుంది. ఒత్తిడిలో ఒక్క హెక్టోపాస్కల్ తేడాకి సుమారు ఎనిమిది మీటర్లు మారిపోతుంది కనక, ఎత్తు తెలిసిన చోట సరిచేసుకోవాలి.

నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది మాత్రం వచ్చిన దారిని గుర్తుపెట్టుకునే ట్రాక్. దొరికిన సంబరంలో తొందరపడి వేరే వాలున దిగబోతేనే ప్రమాదం. మబ్బు కమ్మినప్పుడు ఆ గీత పట్టుకుని ఎక్కిన దారినే దిగితే చాలు.

లోపాలకేం తక్కువ లేదు. తెర చిన్నది. మ్యాప్ జరిపితే నత్తనడకే. అక్షరాలు ఒక్కోటీ స్టిక్‌తో ఏరుకోవాలి కాబట్టి డబ్బా దొరికిందని లాగ్ రాయడం ఇంటికొచ్చాకే. పక్కనుండే రబ్బరు పట్టీ రెండో ఏడాదే ఊడొచ్చింది, జిగురుతో అంటించి నడిపిస్తున్నా. ధర కూడా తక్కువేం కాదు. టెర్రెయిన్ రేటింగ్ (డబ్బా దగ్గరికి వెళ్ళే దారి ఎంత కష్టమో చెప్పే అంకె) 3 దాటినవి వెతికేవాళ్ళకి ఆ డబ్బు గిట్టుబాటవుతుంది. పార్కు బెంచీ కింద అయస్కాంతంతో అతికించిన నానోలనే బుల్లి డబ్బాలు వెతకడమే మీ సరదా అయితే ఉన్న ఫోన్ చాలు, దీని జోలికి రావద్దు.