తేదీని సిస్టమ్ లొకేల్‌కి వదిలేస్తే: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నెల్లూరు జిల్లాలో రొయ్యల మేత డీలర్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంటాను. ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఎక్కువ. చెరువులో పిల్ల వదిలిన తేదీ నుంచి లెక్కపెట్టే రోజులను ఇక్కడ అందరూ డీఓసీ అంటారు. మేత లెక్క చాలావరకు దాని మీదే నడుస్తుంది. కాబట్టి తేదీ తారుమారైతే చెరువు దాకా పోతుంది. తేదీ ఎలా రాయాలో, చదవాలో చెప్పే దేశం, భాష సెట్టింగ్‌నే లొకేల్ అంటారు.

బాగా ఏడిపించింది సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఒక షాపులో కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు, రీజియన్ మాత్రం యునైటెడ్ స్టేట్స్‌లోనే ఉండిపోయింది. 05/04/2024 అని కొడితే డేట్‌టైమ్ పార్స్ (తేదీని చదివే ఫంక్షన్) దాన్ని ఏప్రిల్ 5 బదులు మే 4 అనుకుంది. 60 రోజుల చెరువు రిపోర్టులో 31 రోజులదైంది. "ఏంది అబ్బయ్యా, రొయ్య పది గ్రాములకొస్తే మీ కంప్యూటర్లో ఇంకా నెల పిల్లేనా?" అన్నాడు రైతు. అదే 15/04 అయితే వెంటనే ఎర్రర్ వచ్చేది. 12లోపు తేదీలే చప్పుడు చేయకుండా తిరగబడతాయి.

ఇంకో తిరకాసు స్లాష్. ఫార్మాట్‌లో మనం స్లాష్ రాస్తే సీ షార్ప్ (ఇది లొకేల్‌ను కల్చర్ అంటుంది) దాన్ని "ఆ కల్చర్‌లో ఏ గుర్తు ఉంటే అది" అని చదువుకుంటుంది. సీ షార్ప్ నడిచే పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో, ఇంగ్లిష్ ఇండియా రీజియన్ ఉన్న విండోస్‌లో అది 05-04-2024 అయి వచ్చేది. డాట్‌నెట్ 5 నుంచి ఈ వివరాలు ఐసీయూ అనే లొకేల్ వివరాల లైబ్రరీ నుంచి వస్తున్నాయి, కాబట్టి డాట్‌నెట్ వెర్షన్ మార్చినా గుర్తు మారొచ్చు. ఏ దేశానికీ చెందని, మారని ఇన్వేరియంట్ కల్చర్ ఇస్తేనే కుదురు.

పైథాన్‌తో హాయి. లొకేల్ మార్చే సెట్‌లొకేల్‌ ఫంక్షన్‌ను మనం పిలిచేదాకా తేదీల విషయంలో సిస్టమ్ సెట్టింగ్‌ను పట్టించుకోదు. జావాలో డిఫాల్ట్ లొకేల్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పైగా 9వ వెర్షన్ నుంచి నెలల పేర్లు సీఎల్‌డీఆర్ అనే యూనికోడ్ వాళ్ల లొకేల్ సమాచారం నుంచి వస్తున్నాయి. 16కి వెళ్లేసరికి బ్రిటిష్ లొకేల్‌లో సెప్టెంబర్ పొట్టి పేరు మూడక్షరాల నుంచి నాలుగక్షరాలైంది. కోడ్ ముట్టుకోకుండానే పాత ఫైళ్లు చదవడం ఆగిపోతుంది, ఇదెక్కడి న్యాయం? జావాస్క్రిప్ట్‌లో తేదీ చూపించే టు లొకేల్ డేట్ స్ట్రింగ్‌కి లొకేల్ ఇవ్వకపోతే ఒకే బిల్లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. గో భాష స్టాండర్డ్ లైబ్రరీకి లొకేల్ గొడవే లేదు, ఫార్మాట్ రాయడానికి వాడే దాని 2006 నాటి నమూనా తేదీ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఫైల్‌లో, డేటాబేస్‌లో నేను ఏడాది, నెల, రోజు వరసలో రాసే ఐఎస్ఓ 8601 పద్ధతి తప్ప ఇంకోటి రాయనివ్వను: 2024-04-05. లొకేల్‌ను స్క్రీన్‌కి, రసీదుకి మాత్రమే వాడతాను, అక్కడ అది నిజంగా బాగుంటుంది. తెలుగు లొకేల్ పెడితే నెలలు తెలుగులోనే వస్తాయి, రైతులకు అదే ఇష్టం. పొట్టి పేర్లు మాత్రం వద్దు. ఆగస్టుకు "ఆగ" అని వస్తే, ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందా అని ఒక డీలర్ ఫోన్ చేశాడు.