ఉండాలా, వెళ్లాలా: 2016లో బ్రిటన్ ఓటు

2016 జూన్ 23న బ్రిటన్ జనం ముందు పెట్టిన ప్రశ్న ఒక్కటే, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా. వెళ్లిపోదాం అన్నవాళ్లు 51.9 శాతం, ఉందాం అన్నవాళ్లు 48.1.

ఉందాం అన్నవైపు వాదన ఎక్కువగా జేబు చుట్టూనే తిరిగింది: సుంకాల్లేని వ్యాపారం, ఉద్యోగాలు, యూరప్‌లో ఎక్కడైనా పనిచేసుకునే హక్కు. లండన్, స్కాట్లాండ్, కుర్రకారు ఎక్కువగా ఇటే. లెక్కలు గట్టివే, కానీ ఇటువైపు ప్రచారం నడిపిన అప్పటి ప్రధాని కామెరాన్ బృందం నష్టాల గురించి భయపెట్టిందే తప్ప యూనియన్ మీద ఇష్టం పుట్టించే మాట గట్టిగా చెప్పలేదు.

అవతలివాళ్లది వేరే బాధ. ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ జిల్లాలోని బోస్టన్ ఊరినే చూడండి, చుట్టూ కూరగాయల పొలాలు, ప్యాకింగ్ షెడ్లు, 2004లో యూనియన్‌లో చేరిన పోలండ్, లిథువేనియాల నుంచి ఆ తర్వాత కూలీలు వేలల్లో వచ్చారు, అద్దె ఇళ్లకీ డాక్టర్ అపాయింట్‌మెంట్లకీ బడిలో సీట్లకీ పోటీ పెరిగిందని ఊరివాళ్ల గోడు. అక్కడ 75 శాతానికి పైగా బయటికే ఓటేశారు. ఆ గోడుని తేలిగ్గా తీసిపారేయడం తప్పు. కానీ వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్‌కి పంపుతున్నామని వెళ్లిపోదాం అన్నవాళ్లు తమ ప్రచారపు ఎర్ర బస్సు మీద రాయడం మాత్రం మోసమే, బ్రిటన్‌కి ఇచ్చే రిబేటు (చందాలో తగ్గింపు) ముందే తీసేసేవారు కాబట్టి అంత సొమ్ము అసలు వెళ్లేదే కాదు.

నన్నడిగితే ఉండడమే మేలు. కొన్నేళ్లుగా అక్కడి సర్వేల్లోనూ వెళ్లడం పొరపాటైందనేవాళ్లే ఎక్కువ. మనవాళ్ల సంగతంటారా, 2021 నుంచి బ్రిటన్‌లో పనిచేయడానికి కొత్తగా వచ్చే యూరప్‌వాళ్లకీ, ఐర్లండ్‌వాళ్లకి తప్ప, మనలాగే వీసా కావాలి.