లెవెటిరాసెటం: ఫిట్స్ ఆగాయి, కోపం వచ్చింది

మా అమ్మాయికి హైస్కూల్లో ఉండగా ఫిట్స్ మొదలయ్యాయి. చాలాకాలం వాల్‌ప్రోయేట్ వాడాం. ఫిట్స్ తగ్గాయి గానీ ఒళ్లు వచ్చింది, జడ పలచబడింది. డిగ్రీలో చేరాక డాక్టరుగారు మందు మార్చాలన్నారు. గర్భంతో ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే బిడ్డకు అవయవ లోపాలు, బుద్ధి ఎదుగుదలలో లోపాలు రావచ్చని, అందుకే పెళ్లీడు ఆడపిల్లలకు వీలైనంతవరకు వేరే మందు చూస్తామని చెప్పారు. పాతది కొద్దికొద్దిగా తగ్గిస్తూ లెవెటిరాసెటం మొదలుపెట్టారు. ఇప్పుడు 500 మిల్లీగ్రాముల బిళ్ల, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

ఫిట్స్ విషయంలో ఈ మందుకు వంక పెట్టలేను. 1999లో అమెరికాలో అనుమతి పొందిన మందు ఇది. ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది కాబట్టి కాలేయం మీద భారం తక్కువ, వేరే మందులతో పేచీ తక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం మోతాదు తగ్గించాలి. బిళ్ల కాస్త పెద్దది, విరిస్తే చేదు. చిన్నపిల్లలకు సిరప్ ఉంది.

అసలు చెప్పాల్సింది కోపం గురించి. గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల, పులుసులో ఉప్పు తక్కువైందని కంచం తోసేసి లేచిపోయింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చింది. "చదువుకున్న పొగరు" అన్నారు మా అత్తగారు. నాకు ఆ మాట ఇప్పటికీ కష్టంగానే ఉంది, ఎందుకంటే అది పిల్ల గుణం కాదు, మందు గుణం. ఈ మందుతో చిరాకు, దిగులు కొందరికి వస్తాయి. డాక్టరుగారికి చెప్పాం, మోతాదు సర్దారు, మెల్లగా నెమ్మదించింది. మీ ఇంట్లో ఎవరైనా ఇది వాడుతుంటే మొదటి నెలల్లో వాళ్ల మాట తీరు గమనించండి. బతకాలని లేదు అన్న మాట వినబడితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఉధృతంగా తిరగబెడతాయి.

మా లంక ఊళ్లవాళ్లకు ఇంకో మాట. వరదకు కాజ్‌వేలు మునిగి, ఏరు దాటించే పంటు ఆగిపోయే రోజులుంటాయి. ఆషాఢం రాకముందే అదనంగా ఒక నెలకు సరిపడా తెచ్చిపెట్టుకోండి. ఫిట్స్ లేవు కదా అని కాలువ రేవులో ఒంటరిగా స్నానానికి మాత్రం మా అమ్మాయిని ఇప్పటికీ పంపడం లేదు.