బెంగళూరులో సుషీ: 5,120 రూపాయల దెబ్బ, 2,100 రూపాయల భోజనం

మా అమ్మాయికి పన్నెండేళ్లు నిండాయి. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే బట్టలు వద్దంది, కేకూ వద్దంది, సుషీ తినాలంది. అన్నానికి చేపో కూరగాయో జతచేసి పెట్టే జపాన్ తిండి అది. జపాన్ కార్టూన్లలో చూసిన దగ్గర్నుంచి దానికి అదే ధ్యాస. భీమవరంలో చేపకి కొదవ లేదు గానీ సుషీ ఎక్కడ దొరుకుతుంది? మా తమ్ముడు బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటాడు. "తీసుకురా అక్కా, మేనకోడలికి నేను తినిపిస్తాను" అన్నాడు. మా ఆయనకి సెలవు దొరకలేదు. అమ్మ మాత్రం నేనూ వస్తానంది.

రైలు ప్రయాణం హాయిగా జరిగింది. తమ్ముడిది ఒంటి గది ఫ్లాట్ కాబట్టి మేం ముగ్గురం పక్క వీధిలోని లాడ్జిలో దిగాం. రాత్రికి 1,900. శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే.

శుక్రవారం రాత్రి ఇందిరానగర్ వెళ్లాం. ఆ హోటల్ పేరు రాయను. 'అన్‌లిమిటెడ్ సుషీ, మనిషికి 1,299, పిల్లలకి 799' అన్న ప్రకటన చూసి తమ్ముడు ముందే టేబుల్ బుక్ చేశాడు. మారతహళ్లి నుంచి ఆటోకి 340 రూపాయలు, ట్రాఫిక్‌లో గంటా పది నిమిషాలు. అమ్మకి అప్పటికే నడుం పట్టేసింది. మేం వెళ్లేనాటికి మారతహళ్లి వైపు మెట్రో లేదు, సాయంత్రం ఆరు దాటాక ఇటు నుంచి అటు బయల్దేరకండి.

కూర్చున్నాక గానీ షరతులు చెప్పలేదు. తొంభై నిమిషాలే టైము. విడతకి ఆరు ముక్కలే ఇస్తారు. చేప ఉన్న రకాలు మనిషికి ఒక్కసారే. ప్లేటులో ఏదైనా మిగిలితే 200 రూపాయలు అదనం. మొదటి ప్లేటు రావడానికే నలభై నిమిషాలు పట్టింది, అంటే మాకిచ్చిన టైములో దాదాపు సగం వాళ్లే తినేశారు. వచ్చినవి ఏమిటంటే కీరా ముక్క పెట్టి చుట్టినవి, వేయించిన పిండి రవ్వ చల్లినవి, పైన మయోనైజ్ గీతలు గీసినవి. పీత రోల్ అని ఒకటి పెట్టారు. అమ్మ అందులోంచి ఎర్ర అంచున్న తెల్ల ముక్కని వేళ్లతో బయటికి తీసి, పీచు పీచుగా విడదీసి, వాసన చూసింది.

"ఇందులో పీత ఎక్కడుందే?"

నిజమే, లేదు. తెల్ల చేపల మాంసాన్ని ముద్దగా నూరి, రంగూ వాసనా కలిపి కడ్డీల్లా చేస్తారు, సురిమి అంటారు. అది తినడం తప్పేం కాదు, జపాన్‌లోనూ తింటారు. కానీ మెనూలో పీత అని రాసి అమ్మడం తప్పు.

అసలు సంగతి అన్నం దగ్గర బయటపడింది. సుషీ అంటే పచ్చి చేప అనుకుంటాం గానీ, వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నం లేనిదే సుషీ లేదు. చేప లేకుండా ఉండొచ్చు, ఆ అన్నం లేకుండా ఉండదు. గింజ గింజకి అంటుకోవాలి, నోట్లో పెట్టగానే విడిపోవాలి, చేతికి గోరువెచ్చగా తగలాలి. మాకు పెట్టింది చల్లగా ఉంది. నొక్కితే గట్టిగా, కొరికితే పలుకుగా తగిలింది. అమ్మ ఒక్క ముక్క నమిలి "ఇది పొద్దుటి అన్నమమ్మా, ఫ్రిజ్‌లో పెట్టి తీశారు" అంది. యాభై ఏళ్లుగా అన్నం వార్చిన చెయ్యి, అమ్మ మాట మీద నాకు అనుమానం లేదు. మా పిల్ల మాత్రం నోరెత్తలేదు. వాళ్ల మావయ్య నొచ్చుకుంటాడని ఒక్కొక్కటీ మింగుతూ, మధ్యమధ్యలో నీళ్లు తాగుతోంది. పుట్టినరోజు నాడు దాని మొహం అలా చూడటం నాకు చాలా బాధనిపించింది.

బిల్లు వచ్చింది. భోజనాలకి 4,696. మామూలు నీళ్లు అడిగితే లేవని తెచ్చిన సీసాలు రెండు, 180. దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి 487.60. ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. అంతా కలిపి 5,632. అంటే సర్వీస్ చార్జి మీద కూడా పన్ను కట్టమంటున్నారు.

సర్వీస్ చార్జి తీసేయమన్నాను. "మా పాలసీ మేడం" అన్నాడు మేనేజర్. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటల్ తనంతట తాను బిల్లులో సర్వీస్ చార్జి కలపకూడదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం మన ఇష్టం. హోటళ్ల సంఘాలు కోర్టుకి వెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇదంతా తమ్ముడు ఫోన్‌లో తీసి చూపించాడు. "పోనీలేరా, నలుగురూ చూస్తున్నారు" అని అమ్మ చెయ్యి లాగుతోంది. నేను కదల్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇక్కడి నుంచే ఫోన్ చేస్తానని చెప్పాను. పావుగంట నిలబెట్టి కొత్త బిల్లు తెచ్చారు, 5,120. మిగిలిన 512 రూపాయల కోసం కాదు నా పట్టుదల. పిల్లల పుట్టినరోజుకి వచ్చినవాళ్లు గొడవ పడరులే అన్న ధీమా చూసి ఒళ్లు మండింది. మీరూ బిల్లు పూర్తిగా చదవండి, అడగడానికి మొహమాటపడకండి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిల్ల అడిగింది, "అమ్మా, మంచి సుషీ అంటే బాగా డబ్బున్నవాళ్లకేనా?" కాదని చెప్పాను. 1958లో ఒసాకాలో షిరాయిషి యోషియాకి అనే ఆయన కదిలే బెల్టు మీద ప్లేట్లు తిప్పే మొదటి సుషీ హోటల్ పెట్టాడు. వడ్డించే మనుషుల ఖర్చు తగ్గింది, కార్మికులూ కుటుంబాలూ వెళ్లి తినగలిగారు. అంతకుముందు ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధి బండ్ల మీద నిలబడి తిన్న తిండే అది. చవకగా ఉండటం సుషీకి చిన్నతనం కాదు. అన్నం అప్పటికప్పుడు వండే చోటు దొరకడమే కష్టం.

తమ్ముడికి ఆ రాత్రి నిద్రపట్టలేదట. తెల్లారేసరికి ఆఫీసులో జపాన్ టీముతో పనిచేసే స్నేహితుడిని అడిగి రెండు చోట్లు రాసుకొచ్చాడు. ఒకటి రెసిడెన్సీ రోడ్డు దేవతా ప్లాజాలోని హరిమా, అది ఈసారి మాకు కుదరలేదు. రెండోది దొమ్లూరు వైపు మేడ మీద చిన్న హోటల్. ఆరు టేబుళ్లు, ఒక కౌంటర్, గోడకి చేత్తో రాసిన మధ్యాహ్నం మెనూ. బోర్డు కూడా సరిగ్గా కనిపించదు.

ఆ రోజు శనివారం. అమ్మ నీచు ముట్టదు. సప్లయర్ అస్సాం అబ్బాయి, చక్కటి హిందీలో చెప్పాడు. "మిసో సూప్ అమ్మగారికి వద్దండి, చేప తునకలు వేసి కాచిన నీళ్లతో చేస్తాం. తీపి టోఫు సంచిలో అన్నం పెట్టే ఇనారి కూడా వద్దు, అందులోనూ అవే నీళ్లు. కీరా రోల్, కంప్యో రోల్ తీసుకోండి, మా దగ్గర కంప్యోని సముద్రపు నాచు నీళ్లలోనే ఉడికిస్తాం." అడగకుండానే చెప్పాడు. శాకాహారులు ఎవరైనా 'ఇందులో చేప దాషి ఉందా' అన్న ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా వేయండి, దాషి అంటే చాలావరకు ఆ చేప తునకలు కాచిన నీళ్లే. 'వెజ్' అని రాసినవాటిలోనూ ఉండొచ్చు.

సముద్రం లేని ఊళ్లో పచ్చి చేప ఎలా పెడుతున్నావు నాయనా అని అమ్మ నా చేత అడిగించింది. పచ్చిగా తినే సాల్మన్‌ని బాగా గడ్డకట్టించే తెస్తారట. మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచితే అందులోని పురుగులు చచ్చిపోతాయి. 'ఇప్పుడే పట్టిన తాజా చేప' అని ఊదరగొట్టే చోటు కంటే ఈ జవాబే నాకు ధైర్యమిచ్చింది.

పిల్లకీ తమ్ముడికీ లంచ్ సెట్లు చెప్పాం, ఒక్కోటి 590. ఐదు నిగిరి (అన్నం ముద్ద మీద చేప ముక్క పరిచినవి), మూడు రోల్ ముక్కలు, సూప్. కంప్యో రోల్ 280, కీరా రోల్ 240, నాకు రెండు సాల్మన్ నిగిరి 300. టీ ఊరికే పోశారు, ఎన్నిసార్లైనా. కౌంటర్ వెనక సుషీ చేసే ఆయన చెయ్యి తడి చేసుకుని, చెక్క తొట్టిలోంచి ఇంత అన్నం తీసి, రెండే నొక్కులు నొక్కి, చేప ముక్క పరిచి మా ముందు పెట్టాడు. వేడి లేదు, చల్లదనం లేదు. నోట్లో పెట్టగానే అన్నం విడిపోయింది, ఆ పుల్లదనం చేప కొవ్వు వెనకాలే మెల్లగా వచ్చింది. మా అమ్మాయి కళ్లు మూసుకుని నమిలింది. మొదటిది అయ్యాక రెండోది తినకుండా కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది.

పక్కనున్న వసాబి అనే ఆకుపచ్చ ముద్దని అమ్మ కొంచెం నాలిక్కి రాసుకుంది. ఘాటు నసాళానికి అంటింది. "ఇది ఆవ ఘాటే! కొత్తావకాయ కలిపేటప్పుడు ఇలాగే ఎక్కుతుంది" అంది. నిజంగానే మన దేశంలో దొరికే వసాబిలో చాలావరకు గుర్రపుముల్లంగి (హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప), ఆవాలే ఉంటాయి.

తర్వాత కంప్యో రోల్. గోధుమ రంగు పీలికలు, సోయా, చక్కెరలో ఉడికి మెత్తగా ఉన్నాయి. అమ్మ రెండు ముక్కలు తిని, మూడోది విప్పి, ఆ పీలికని వెలుతురుకి పట్టుకుని చూసింది.

"సొరకాయ కదూ?"

సప్లయర్ లోపలికెళ్లి అడిగొచ్చాడు. సొరకాయే. గుజ్జుని పొడుగ్గా రిబ్బన్లలా తీసి ఎండబెడతారు, జపాన్‌లో తొచిగి ప్రాంతం దీనికి పేరు. కౌంటర్ వెనక ఆయన అమ్మ వైపు చూసి తల వంచి నమస్కారం పెట్టాడు. అమ్మ మొహంలో వెలుగు చూడాలి. రాత్రి నుంచి ముభావంగా ఉన్న మనిషి, ఇక అక్కణ్నుంచి ఆపకుండా మాట్లాడింది.

బిల్లు 2,000, జీఎస్టీ 100. సర్వీస్ చార్జి లేదు. నలుగురికీ కడుపు నిండింది. సుషీ తినాలంటే మధ్యాహ్నమే వెళ్లండి, రాత్రి ఇదే చోట ఆ సెట్లు ఉండవు. రోజు అద్దె 7,500 దాటిన గదులుండే స్టార్ హోటళ్లలో భోజనం మీద జీఎస్టీనే 18 శాతం, అది లెక్కలో పెట్టుకోండి. ఇంటికి తెప్పించుకోవడం మాత్రం వద్దే వద్దు, నలభై నిమిషాలు డబ్బాలో ఉంటే ఎంత మంచి అన్నమైనా గట్టిపడుతుంది.

సాయంత్రం అమ్మ మారతహళ్లి సంతలో లేత సొరకాయ ఒకటి, 30 రూపాయలు పెట్టి కొంది. తమ్ముడి ఫ్లాట్‌లో కత్తిపీట లేదు, తొక్క తీసే పీలర్‌తోనే గుండ్రంగా తిప్పుతూ పొడుగు పీలికలు తీసింది. మా అమ్మాయి వాటిని ఒక్కొక్కటే అందుకుని బాల్కనీలో బట్టల తాడు మీద ఆరేసింది. మేం ఆదివారం రాత్రి రైలెక్కాం. మంగళవారం తమ్ముడు ఫోటో పంపాడు, పీలికలు బాగా ఎండాయట, ఇప్పుడేం చేయాలని అమ్మని అడుగుతున్నాడు.