కొవ్వు బొట్టును పాలలోకి పంపేది ఏది? బ్యూటిరోఫిలిన్, జాంతీన్ ఆక్సిడోరిడక్టేజ్, పెరిలిపిన్-2

పొదుగు కణం కేసీన్‌ను (పాలలోని ప్రధాన ప్రొటీన్‌ను) వదిలే పద్ధతి వేరు, కొవ్వును వదిలే పద్ధతి వేరు. కేసీన్ చిన్న సంచుల్లో వస్తుంది. సంచి కణపు పొరలో కలిసిపోయి లోపలిది బయట పడుతుంది. కొవ్వు బొట్టు మాత్రం కణం పైపొరనే ఒంటి నిండా చుట్టుకుని తెగి పడుతుంది. అందుకే పాలలోని బొట్టు మీద ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (కణం లోపల కొవ్వు తయారయ్యే పొరల అల్లిక) దగ్గర తెచ్చుకున్న ఒక లిపిడ్ వరుస, దానిపైన కణపు పొర తాలూకు రెండు వరుసలు, మొత్తం మూడు ఉంటాయి. లోపలి బొట్టునూ బయటి పొరనూ కలిపి పట్టే పని పై మూడింటిలో ఏ ప్రొటీన్‌ది అన్నదగ్గరే వాదం.

పెరిలిపిన్-2తో త్వరగా తేలిపోతుంది. బొట్టు ఉపరితలానికి అంటిపెట్టుకుని, లైపేజ్ ఎంజైమ్‌లు కొవ్వును కరిగించకుండా అడ్డుపడుతుంది. దాని సి-చివరి భాగం పొరకు అంటుకోగలదు కూడా. అయితే కొవ్వు చేరిన కాలేయ కణాల్లోనూ ఇది దండిగా ఉంటుంది, ఆ కణాలు బొట్టును పొరలో చుట్టి బయటికి పంపవు. కాబట్టి ఇది అవసరమైనదే గానీ నిర్ణయించేది కాదు.

బ్యూటిరోఫిలిన్ (బీటీఎన్1ఏ1) ప్రధానంగా పాలిచ్చే పొదుగుకే చెందినది. కణపు పొరను ఒక్కసారి దాటి, యాంటీబాడీల్లో కనిపించే తరహా రెండు ఇమ్యునోగ్లోబులిన్ మడతలను బయట, బీ30.2 అనే భాగాన్ని లోపల ఉంచుతుంది. 2004లో ఈ జన్యువును తీసేసిన ఎలుకల ఫలితాలు వచ్చాయి. కణాల్లో ట్రైగ్లిసరైడ్ (కొవ్వు) మడుగులు కట్టింది, బొట్లు చిరిగిన పొరతో బయటపడి ఒకదానితో ఒకటి కలిసి ముద్దలయ్యాయి, ఆ పాలు తాగిన ఎలుక పిల్లల్లో సుమారు సగం తొలి 20 రోజుల్లో చనిపోయాయి. విచిత్రం ఏమిటంటే ఆ పాలలో కొవ్వు శాతం తగ్గలేదు, మామూలు కంటే పెరిగింది. ఫ్యాట్ రీడింగ్ ఒక్కటే చూసి స్రావం బాగుందని తేల్చేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. చూడాల్సింది బొట్టు పరిమాణమూ పొర చెక్కుచెదరకుండా ఉందా లేదా అన్నదీ.

జాంతీన్ ఆక్సిడోరిడక్టేజ్ కథ మెలికలు తిరిగినది. ప్యూరిన్లను యూరిక్ ఆమ్లం చేసే ఈ ఎంజైమ్ ఒంటి నిండా ఉన్నదే. 2002లో, దాని జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే పోయిన ఆడ ఎలుకలు కూడా పాలివ్వడం కొనసాగించలేకపోయాయని తేలింది. ఇక్కడ దాని పని ఎంజైమ్ పని కాదని, నిర్మాణంలో పాత్ర అని ఆ పరిశోధకులు వాదించారు. అలోప్యూరినాల్‌తో ఎంజైమ్‌ను ఆపి ఈ పాత్రను పరీక్షించబోతే జవాబు రాకపోవడానికి అదే కారణం. 2009లో ఇది బ్యూటిరోఫిలిన్ బీ30.2 భాగానికి గట్టిగా అంటుకుంటుందని రుజువైంది. మూడు ప్రొటీన్లూ కలిసి ముడి వేస్తాయన్న నమూనాకు అది బలమిచ్చింది. 2006లో ఫ్రీజ్-ఫ్రాక్చర్ (కణాన్ని గడ్డకట్టించి, పొర వెంట చీల్చి చూసే పద్ధతి) చిత్రాలతో వచ్చిన వాదం అందుకు భిన్నం: బ్యూటిరోఫిలిన్ అణువులు తమలో తాము కూడితే చాలు, మిగతా రెండూ అక్కర్లేదు. 2016లో పొదుగు కణాల్లో మాత్రమే జాంతీన్ ఆక్సిడోరిడక్టేజ్‌ను తీసేస్తే బొట్టు పొరకు సరిగా ఆనలేదు, బ్యూటిరోఫిలిన్ గుంపు కట్టలేదు, స్రావం ఆలస్యమైంది. కానీ ఆగిపోలేదు.

కాబట్టి మా లెక్కలో బ్యూటిరోఫిలిన్‌దే మొదటి స్థానం. జాంతీన్ ఆక్సిడోరిడక్టేజ్ దాన్ని ఒకచోట కూర్చే సహాయకం. 2006 వాదం ముఖ్య పాత్రను సరిగ్గానే పట్టుకుంది, కానీ పక్కవాళ్లను మరీ పక్కన పెట్టేసింది.

ప్రయోగశాలలో ఏ ప్రొటీన్‌ను కొలవాలన్న ఎంపిక మాత్రం ఈ వరుసలోనే ఉండనక్కర్లేదు. పచ్చి పాలు చల్లబడితే జాంతీన్ ఆక్సిడోరిడక్టేజ్ కొంత వెన్న తీసిన పాలలోకి జారిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన నమూనాలో అది తక్కువ కనిపిస్తే పశువులో తక్కువ ఉందనుకోకండి. పితికిన వెంటనే, 37 డిగ్రీల దగ్గరే మీగడ వేరు చేసి, వెచ్చని బఫర్‌తో మూడుసార్లు కడగండి. మరీ ఎక్కువగా కడిగితే లాక్టాడెరిన్ లాంటి వదులు ప్రొటీన్లు పోతాయి. కడిగిన మీగడను చల్లబరిచి చిలికి, వచ్చిన మజ్జిగను 4 డిగ్రీల దగ్గర లక్ష జీ (భూమ్యాకర్షణకు లక్ష రెట్లు) బలంతో గంట తిప్పితే పొర అడుగున చేరుతుంది.

ఆ పొరను ట్రైటాన్ ఎక్స్-100 అనే మెత్తని డిటర్జెంట్‌లో కలిపి, పైతేటను మాత్రమే ప్రొటీన్లను పరిమాణం ప్రకారం విడదీసే జెల్‌కు ఎక్కిస్తే బ్యూటిరోఫిలిన్ కనిపించదు. అది, జాంతీన్ ఆక్సిడోరిడక్టేజ్ చాలావరకు కరగకుండా అడుగునే ఉండిపోతాయి. ఎస్‌డీఎస్ అనే ఘాటైన డిటర్జెంట్, మెర్కాప్టోఎథనాల్ కలిపి మరిగించాలి. అప్పుడు ఆవు పాలలో జాంతీన్ ఆక్సిడోరిడక్టేజ్ 150, బ్యూటిరోఫిలిన్ 67 కిలోడాల్టన్ల (అణుభారపు కొలత) దగ్గర దిట్టంగా నిలుస్తాయి. పెరిలిపిన్-2ది 50 ప్రాంతం. లాక్టాడెరిన్ గీతలూ అక్కడే పడతాయి కాబట్టి రంగు చూసి గుర్తించడం కుదరదు, యాంటీబాడీ తప్పనిసరి. ఒక్క సూచికే పెట్టుకోగలిగితే బ్యూటిరోఫిలిన్ పెట్టుకోండి. కల్చర్ పళ్లెంలో పెంచిన కణాలతో బొట్లు చేరాయా అని చూడటమే ఉద్దేశమైతే మాత్రం పెరిలిపిన్-2 మేలు: ఆ కణాలకు పైవైపు, అడుగువైపు తేడా సరిగా ఏర్పడక స్రావం ఎటూ జరగదు.