కొత్త వైరస్‌కు ఏ రకం టీకా మేలు?

ఈ ప్రశ్న ఎవరినడిగినా ముందు ఎంఆర్‌ఎన్‌ఏ పేరే చెబుతారు. 2020 జనవరి రెండో వారంలో కరోనా వైరస్ జన్యుక్రమం బయటికొస్తే, మార్చి 16కల్లా ఈ రకానికే చెందిన మోడెర్నా టీకా మొదటి మనిషికి వేశారు. వైరస్‌ను పెంచే పనే లేదు. దాని ఒంటిమీది ముల్లు ప్రోటీన్ జన్యురాత దొరికితే చాలు, ఆ రాతను ఎంఆర్‌ఎన్‌ఏ రూపంలో ఎక్కిస్తే ప్రోటీన్‌ను మన ఒళ్లే తయారుచేసుకుంటుంది.

కోవాగ్జిన్ దారి పాతది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) ఇచ్చిన వైరస్‌ను హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ పెంచి, రసాయనంతో చంపి టీకా చేసింది. పోలియో సూదిమందు కాలం నుంచీ నమ్మకమైన పద్ధతే. కానీ బతికున్న వైరస్‌ను పెద్దఎత్తున పెంచాలి. కరోనాకు బీఎస్‌ఎల్-3, అంటే మూడో స్థాయి జీవభద్రత ఉన్న కేంద్రం సరిపోయింది, నిపా వైరస్‌కైతే అన్నిటికన్నా కట్టుదిట్టమైన నాలుగో స్థాయి కావాలి. సోకినవారిలో 40 నుంచి 75 శాతం మందిని బలితీసుకునే వైరస్‌ను ఫ్యాక్టరీలో పెంచడం నాకు సమ్మతం కాదు.

నా మొగ్గు ప్రోటీన్ టీకా వైపు. హ్యూస్టన్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీల బృందం రూపొందించి, పేటెంట్ అడగకుండా ఇచ్చేసిన కరోనా టీకా కార్బెవాక్స్‌ను హైదరాబాద్‌లోనే బయొలాజికల్ ఇ తయారుచేసింది. ముల్లు ప్రోటీన్‌లోని ఒక్క ముక్కను ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో పండిస్తారు. ఈస్ట్ మనకు కొత్త కాదు, 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకాను చవకగా తెచ్చింది దాంతోనే. పైగా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం చాలు. ఏఎన్‌ఎమ్ భుజాన తగిలించుకుని తండాకు వెళ్లే ఐస్‌ప్యాకుల పెట్టెలో ఇది ఇమిడిపోతుంది. మొదట్లో మైనస్ 70 డిగ్రీలు అడిగిన ఫైజర్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను ఆ పెట్టెలో పెట్టగలమా?

అయితే కార్బెవాక్స్‌కు అనుమతి వచ్చేసరికి 2021 డిసెంబర్ 28. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు తీసిన ఏప్రిల్, మే నెలలు అప్పటికే దాటిపోయాయి. ఆ ఆలస్యం తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే ముందెన్నడూ చూడని వైరస్ వస్తే తొలి వరుసలో ఎంఆర్‌ఎన్‌ఏనే ఉండాలంటాను. 2 నుంచి 8 డిగ్రీల్లో నిలిచే ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకు పుణెలోని జెన్నోవా 2022లో అనుమతి కూడా తెచ్చుకుంది.

నిపా సంగతి వేరు. అది మనకు ముందే తెలిసిన శత్రువు, 2018లో కేరళను వణికించింది. దాని దగ్గరి చుట్టం హెండ్రా వైరస్ ప్రోటీన్‌తో చేసిన టీకాను ఆస్ట్రేలియాలో 2012 నుంచే గుర్రాలకు వేస్తున్నారు. అదే ప్రోటీన్ కోతులను నిపా నుంచీ కాపాడింది, మనుషుల్లో తొలి దశ పరీక్షలు 2020లో మొదలయ్యాయి. ఇక్కడ తొందరపడాల్సింది వైరస్ వచ్చాక కాదు, ఇప్పుడే.